తాబేళ్ల శాస్త్రజ్ఞుడు తీర్చిదిద్దిన ముష్టియోధుడు

తాబేలుకూ ముష్టియుద్ధానికీ ఏమిటి సంబంధం అని అడుగుతారా? అడగవలసిన ప్రశ్నే. తాబేళ్లనూ, చేపలనూ, ఆల్చిప్పలనూ పరిశీలించడమే పనిగా పెట్టుకున్న ఒక జంతుశాస్త్రజ్ఞుడు, నడుమునొప్పితో ఆట మానుకునే స్థితికి వచ్చిన ఒక ముష్టియోధుణ్ణి నాలుగేళ్లలో ప్రపంచ విజేతగా నిలబెట్టాడు. ఆ యోధుడి పేరు యోషియో షిరాయి. జపాను నుంచి ప్రపంచ ఛాంపియన్ అయిన మొట్టమొదటి ముష్టియోధుడు అతడే. శాస్త్రజ్ఞుడి పేరు ఆల్విన్ కాన్. ఆయన అమెరికా దేశస్థుడు. ముష్టియుద్ధం నేర్పడం ఆయన వృత్తి కాదు.

మరి ఏం చేసి గెలిపించాడు? ఇందులో మంత్రం ఏమీ లేదు. గతి, బలం, ఆహారం, నాడీమండలం గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదువుకునే సంగతులే ఇక్కడా పనిచేశాయి. ఎలాగో చూద్దాం.

ఓడిన దేశం, నొచ్చిన నడుము

షిరాయి 1923 నవంబరులో టోక్యో నగరంలో పుట్టాడు. 1943లో వృత్తియోధుడుగా బరిలోకి దిగాడు. అంటే పోటీకి ఇంత అని డబ్బు తీసుకుని పోరాడేవాడన్నమాట. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్నది. షిరాయి నౌకాదళంలో చేరవలసివచ్చింది. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. యుద్ధం నుంచి షిరాయి తిరిగి వచ్చాడు గాని, నడుమునొప్పి కూడా అతని వెంటే వచ్చింది. బరిలో ఒకప్పటి చురుకుదనం లేదు.

ఆనాటి టోక్యో ఎలా ఉండేదో ఊహించుకోండి. 1945 మార్చిలో పడిన బాంబులకు నగరంలో చాలా భాగం బూడిదైంది. బియ్యానికి రేషను. ఆ రేషను కూడా సమయానికి అందేది కాదు. జనం చిలగడదుంపలు తిని కడుపు నింపుకునేవారు. నల్లబజారులో బియ్యం కొనడం చట్టవిరుద్ధం కనుక కొనను అని పట్టుబట్టిన ఒక న్యాయమూర్తి 1947లో తిండి చాలక మరణించాడు. న్యాయమూర్తి గతే అలా ఉంటే, రోజూ గంటల తరబడి కసరత్తు చేసే యోధుడి గతి ఏమిటి?

షిరాయి పోరాడిన తరగతి పేరు ఫ్లైవెయిట్. ఫ్లై అంటే ఈగ. ఈ తరగతిలో యోధుడి బరువు 112 పౌనులకు, అంటే 50.8 కిలోగ్రాములకు మించరాదు. మీ తరగతిలో ఆ బరువున్న పిల్లలు చాలామందే ఉంటారు. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ మహిళల పోటీల్లో స్వర్ణం గెలిచింది కూడా ఇంచుమించు ఈ బరువులోనే, 52 కిలోల తరగతిలో. అసలు బరువును బట్టి తరగతులు ఎందుకు? ఒకే వేగంతో కదిలే రెండు వస్తువుల్లో ద్రవ్యరాశి ఎక్కువ ఉన్నదానికి ద్రవ్యవేగం ఎక్కువ. బరువైనవాడి గుద్దుకు తేలికవాడు తట్టుకోలేడు. అందుకే సమానుల మధ్యనే పోటీ పెడతారు.

ఆల్చిప్పల నుంచి బరి దాకా

యుద్ధం ముగిశాక జపాను పరిపాలన కొన్నేళ్లపాటు అమెరికా సేనాని చేతిలో ఉంది. ఆ కార్యాలయంలో ప్రకృతి వనరుల విభాగం ఒకటి ఉండేది. కాన్ అందులో పనిచేసేవాడు. ఆయన 1892లో పుట్టాడు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించాడు. ఆ రాష్ట్రంలోని తాబేళ్ల మీద 1937లో ఒక గ్రంథం ప్రచురించాడు. జపానులో ముత్యాల పెంపకం గురించి, ఆల్చిప్పల పెంపకం గురించి నివేదికలు రాశాడు. ఆకలితో ఉన్న దేశానికి సముద్రం ఎంత తిండి పెట్టగలదో తెలుసుకోవడం అప్పట్లో చాలా అవసరం గదా!

1948లో కాన్ టోక్యోలో ఒక వ్యాయామశాలలో షిరాయి సాధన చేస్తుండగా చూశాడు. నడుమునొప్పితో కుంటుపడిన పాతికేళ్ల కుర్రవాడు. అక్కడున్న మిగతావారికి అతనిలో గొప్పేమీ కనిపించలేదు. కాన్‌కు మాత్రం ఒకటి కనిపించింది. ఆ కుర్రవాడు గుద్దే గుద్దు సరిగ్గా పడవలసిన క్షణంలో పడుతున్నది! ఈ గుణాన్నే ఆటగాళ్లు టైమింగ్ అంటారు. మిగతావారు బలం కోసం చూశారు, కాన్ కాలం కోసం చూశాడు.

ఆ కుర్రవాడికి తానే శిక్షణ ఇప్పిస్తానని కాన్ ముందుకు వచ్చాడు. గెలిచిన దేశపు అధికారి ఓడిన దేశపు యోధుడికి ఎందుకు సాయం చేయాలి? ఓటమితో కుంగిపోయిన ప్రజలకు అతని గెలుపు ధైర్యం ఇస్తుందని కాన్ షిరాయికి చెబుతూండేవాడు.

రెప్పపాటు లెక్క

టైమింగ్‌కు అంత విలువ ఎందుకో ఒక చిన్న లెక్క చేసి తెలుసుకుందాం. శిక్షణ పొందిన యోధుడి పిడికిలి సెకనుకు 6 నుంచి 10 మీటర్ల వేగంతో వస్తుంది. తక్కువ వేగమే, అంటే 6 మీటర్లే తీసుకుందాం. ఇద్దరి మధ్య పిడికిలి ప్రయాణించవలసిన దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే కాలం 0.1 సెకను.

ఇప్పుడు ఎదుటివాడి సంగతి చూడండి. పిడికిలి కదలడం కంటికి కనబడాలి. ఆ వార్త నాడుల ద్వారా మెదడుకు చేరాలి. మెదడు నిర్ణయం తీసుకోవాలి. ఆజ్ఞ వెన్నుపాము గుండా కండరాలకు రావాలి. కండరం ముడుచుకోవాలి. ఇదంతా జరగడానికి ఆరోగ్యవంతుడికి ఇంచుమించు 0.2 సెకను పడుతుంది. గుద్దు వచ్చేది 0.1 సెకనులో, తప్పుకోవడం మొదలుపెట్టేది 0.2 సెకనుకు! అంటే పిడికిలిని చూసి తప్పుకుందామనుకునేవాడు ఎప్పటికీ తప్పుకోలేడు.

మరి మంచి యోధులు ఎలా తప్పుకుంటున్నారు? వాళ్లు పిడికిలిని చూడరు. పిడికిలి కన్న ముందు కదిలేవాటిని చూస్తారు. భుజం కొద్దిగా ముందుకు వస్తుంది. పాదం మీద బరువు మారుతుంది. మోచేయి కదులుతుంది. ఈ సూచనలు చదివి, రాబోయేదాన్ని ముందే పసిగడతారు. సాధన వల్ల నాడుల వేగం పెద్దగా పెరగదు, సూచనలు చదివే నేర్పు పెరుగుతుంది. అడవిలో లేడి పులిని పసిగట్టడం కూడా ఇలాంటిదే. జంతువుల కదలికలు చూడడానికి అలవాటుపడిన కన్ను ఈ గుణాన్ని గుర్తుపట్టడంలో ఆశ్చర్యం ఏముంది?

పిస్టన్ పద్ధతి, కొలత పద్ధతి

షిరాయికి ముందు జపానులో పేరుమోసిన యోధుడు హోరిగుచి. అభిమానులు అతన్ని పిస్టన్ హోరిగుచి అని పిలిచేవారు. ఇంజనులో పిస్టన్ మాదిరిగా ఆగకుండా గుద్దుతూ ముందుకు దూసుకుపోవడం అతని పద్ధతి. ఎన్ని దెబ్బలు తగిలినా వెనక్కు తగ్గకపోవడమే వీరత్వం అని జనం మెచ్చుకునేవారు.

కాన్ చెప్పింది దానికి పూర్తిగా భిన్నం. కొట్టాలి, కొట్టించుకోకూడదు. రక్షణ ముందు, దాడి తరువాత. ఈ పద్ధతికి షిరాయి శరీరం చక్కగా సరిపోయింది. ఫ్లైవెయిట్ యోధుల్లో అతను పొడుగరి. ఎత్తు సుమారు 169 సెంటీమీటర్లు. చేతులు పొడుగు. ఎదుటివాడి చేయి తనకు అందనంత దూరంలో, తన చేయి మాత్రం ఎదుటివాడికి అందేంత దూరంలో నిలబడితే చాలు. ముందుకు చాచిన ఎడమచేత్తో సూటిగా పొడుస్తూ ఉండవచ్చు.

సూటిగా అన్న మాటను గమనించండి. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ. చేయి చుట్టూ తిప్పి కొట్టే దెబ్బ వక్రరేఖలో వస్తుంది. అది పూర్తి అర్ధవృత్తంలో వస్తుందనుకుంటే, దాని దారి వ్యాసం కన్న 1.57 రెట్లు పొడవు. ఇద్దరి చేతుల వేగమూ ఒకటే అయినా సూటిగా పొడిచినవాడి దెబ్బే ముందు చేరుతుంది. ఇది మీ రేఖాగణితమే!

దెబ్బ తప్పనప్పుడు కూడా ఒక ఉపాయం ఉంది. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కు లాగుతారు గదా. ఎందుకు? బంతి ఆగడానికి పట్టే కాలం పెరుగుతుంది. కాలం రెండింతలైతే చేతి మీద పడే సగటు బలం సగమవుతుంది. దెబ్బ వచ్చే దిశలోనే తలను వెనక్కు జరిపే యోధుడు చేసేదీ ఇదే. దెబ్బకు ఎదురు వెళ్లేవాడికి ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. రెండు వేగాలూ కలిసి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

కంచంలో దాగిన రహస్యం

ఎన్ని మెళకువలు నేర్పినా ఒంట్లో సత్తువ లేకపోతే ఏం లాభం? కాన్ షిరాయి తిండి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాడు. అమెరికా ఉద్యోగులకు దొరికే మాంసం, గుడ్లు, పాలు, వెన్న వంటివి అతనికి పెట్టాడు. నొప్పికి చికిత్స, శరీరానికి తగిన విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే అయ్యాయి.

కసరత్తు చేసినప్పుడు కండరాల పోగులు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. విశ్రాంతి సమయంలో శరీరం వాటిని బాగుచేసి, మునుపటి కన్న గట్టిగా తయారుచేస్తుంది. ఈ మరమ్మతుకు కావలసిన సరుకు మాంసకృత్తులు. మామూలు మనిషికి బరువులో ప్రతి కిలోకూ రోజుకు సుమారు 0.8 గ్రాములు కావాలి. కఠినంగా సాధన చేసేవాడికి ఇంచుమించు దానికి రెట్టింపు అవసరం. 50 కిలోల యోధుడికి రోజుకు 80 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. చిలగడదుంపల్లో పిండిపదార్థమే ఎక్కువ. మాంసకృత్తులు బాగా తక్కువ. వాటితో కడుపు నిండుతుంది గాని కండ పెరగదు. మరమ్మతుకు సరుకు లేకుండా కసరత్తు చేస్తే ఒళ్లు నానాటికీ చిక్కిపోతుంది.

ఈ శిక్షణకు ఫలితం త్వరలోనే కనిపించింది. 1949 జనవరిలో షిరాయి జపాను ఫ్లైవెయిట్ విజేత అయ్యాడు. అదే ఏడు డిసెంబరులో దాని కన్న పై తరగతి అయిన బాంటమ్‌వెయిట్ బిరుదు కూడా గెలిచాడు.

తాతగారితో మూడు పోటీలు

ఆనాటి ప్రపంచ ఫ్లైవెయిట్ విజేత హవాయి దీవులకు చెందిన డాడో మారినో. అప్పటికే మనవణ్ణి ఎత్తుకున్న తాతగారు! తాత అయినంత మాత్రాన తేలిక మనిషి అనుకోకండి. 1951 మే నెలలో టోక్యోలో బిరుదుతో సంబంధం లేని పోటీలో షిరాయి అతని చేతిలో పాయింట్ల మీద ఓడిపోయాడు. అదే ఏడు డిసెంబరులో హవాయి రాజధాని హోనోలులూకు వెళ్లి, ఏడో రౌండులోనే మారినోను ఓడించాడు. దాంతో బిరుదు కోసం పోరాడే హక్కు దక్కింది.

1952 ఏప్రిల్ 28న జపాను తిరిగి స్వతంత్ర దేశమైంది. మూడు వారాలు గడిచాక, మే 19న, టోక్యోలోని కొరాకుఎన్ బేస్‌బాల్ మైదానంలో బిరుదు పోటీ జరిగింది. ఆరుబయట వేసిన బరి చుట్టూ సుమారు 40 వేల మంది జనం చేరారు. ఆ రోజుల్లో బిరుదు పోటీ 15 రౌండ్లు. రౌండుకు 3 నిమిషాలు, మధ్యలో నిమిషం విశ్రాంతి. మొత్తం 59 నిమిషాలన్నమాట. ఏడో రౌండులో దెబ్బ తిని షిరాయి తూలాడు. కాని పడిపోలేదు. దూరం కాపాడుకుంటూ, ఎడమచేత్తో పొడుస్తూ, పాయింట్లు కూడబెట్టాడు. 15 రౌండ్లూ ముగిశాక న్యాయనిర్ణేతలు అతన్నే విజేతగా ప్రకటించారు.

ఆ తరువాత రెండేళ్లలో షిరాయి నాలుగుసార్లు బిరుదు నిలుపుకున్నాడు. మొదట మారినో, తరువాత టానీ కాంపో, టెర్రీ ఆలెన్, లియో ఎస్పినోసా అతని చేతిలో ఓడిపోయారు. ఆలెన్‌తో పోటీ జరిగింది 1953 అక్టోబరులో. జపానులో టెలివిజన్ వచ్చింది ఆ ఏడే. ఇళ్లలో సెట్లు కొనే స్తోమత అందరికీ లేదు. వీధికూడళ్లలో పెట్టిన సెట్ల ముందు జనం గుంపులు గుంపులుగా నిలబడి పోటీ చూశారు.

పొట్టివాడు గట్టివాడు

పొడుగు చేతుల లాభం గురించి ఇందాక చెప్పుకున్నాం. దానికి ఒక షరతు ఉంది. ఇద్దరి మధ్య దూరం ఉన్నంతసేపే ఆ లాభం. ఎదుటివాడు ఆ దూరం దాటి లోపలికి వచ్చేస్తే? చాపడానికి చోటు లేని పొడుగు చేయి అడ్డమవుతుంది. ఇరుకు సందులో పొడుగాటి నిచ్చెన తిప్పడం ఎంత కష్టమో ఆలోచించండి!

ఈ సంగతి రుజువు చేసినవాడు అర్జెంటీనా యోధుడు పాస్కువల్ పెరెజ్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లే. 1954 జూలైలో అర్జెంటీనా రాజధానిలో ఇద్దరూ తలపడితే పోటీ సమానంగా ముగిసింది. నవంబరు 26న టోక్యోలో బిరుదు కోసం జరిగిన పోటీలో పెరెజ్ గెలిచాడు. షిరాయి చేతుల కిందుగా దూరి, దగ్గరగా నిలిచి కొట్టడమే అతని బలం. అప్పటికి షిరాయికి 31 ఏళ్లు. 1955 మే 30న మళ్లీ పోటీ జరిగింది. ఈసారి అయిదో రౌండులోనే షిరాయి నేలకూలాడు. ఆ ఓటమితోనే అతని ఆట ముగిసింది.

ఆట ముగిసినా స్నేహం ముగియలేదు. కాన్ జపానులోనే స్థిరపడ్డాడు. ఆయనకు వార్ధక్యం వచ్చినప్పుడు షిరాయి దంపతులు కన్నబిడ్డల్లా చూసుకున్నారు. 1971లో కాన్ కన్నుమూశాడు. షిరాయి 1995లో, మరో జపాను విజేత గుషికెన్‌తో కలిసి పిల్లల కోసం ఒక వ్యాయామశాల తెరిచాడు. 2003 డిసెంబరులో, 80 ఏళ్లు నిండాక మరణించాడు. అతను వేసిన దారిలో జపాను నుంచి ఎందరో ప్రపంచ విజేతలు వచ్చారు. 2022 డిసెంబరులో బాంటమ్‌వెయిట్‌లోనూ, 2023 డిసెంబరులో దానికి పై తరగతిలోనూ నాలుగు ప్రధాన సంస్థల బిరుదులన్నీ గెలుచుకున్న నవోయా ఇనోయువే ఆ వరసలోనివాడే.

శాస్త్రం చెప్పే హెచ్చరిక

ఇంత చెప్పి, రెండో పక్క చెప్పకపోతే తప్పవుతుంది. మన మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. తలకు గట్టి దెబ్బ తగిలితే పుర్రె ఒక్కసారిగా తిరుగుతుంది. మెత్తని మెదడు వెంటనే దానితో కలిసి తిరగలేదు. అప్పుడు లోపలి నాడీతంతువులు సాగి దెబ్బతింటాయి. స్పృహ తప్పేది ఇందుకే. చేతికి వేసుకునే మెత్తటి గ్లౌజులు చర్మం చిట్లకుండా కొంత కాపాడుతాయి గాని, తల తిరగడాన్ని ఆపలేవు. ఏళ్ల తరబడి తల మీద దెబ్బలు తిన్న యోధులకు మాట తడబడడం, నడక తూలడం, మతిమరుపు వస్తున్నాయని మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు 1928లోనే రాశాడు. కండరం తిరిగి పెరుగుతుంది, విరిగిన ఎముక అతుకుతుంది. చనిపోయిన మెదడు కణాలు మాత్రం తిరిగి రావు.

1982 నవంబరులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో కొరియా యోధుడు కిమ్ దుక్‌కూ 14వ రౌండులో కూలి, కొద్ది రోజులకు మరణించాడు. ఆ తరువాత బిరుదు పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించారు. అలసిన యోధుడు సూచనలు చదవలేడు. తలను వెనక్కు జరపలేడు. ప్రతి దెబ్బా పూర్తి బలంతో తగులుతుంది. కొట్టించుకోకూడదు అన్న కాన్ పాఠం గెలుపు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. కనుక ఈ వ్యాసం చదివి ఒకరి తల మీద ఒకరు గుద్దుకోకండి సుమా! టైమింగ్ పరీక్షించుకోవడానికి దెబ్బలు అక్కరలేదు.

మీరే చేసి చూడండి

30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాని పై కొన పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. సున్నా కిందికి ఉండాలి. మీ బొటనవేలునూ చూపుడువేలునూ సున్నా దగ్గర, స్కేలుకు తగలకుండా చెరోవైపు ఉంచండి. స్నేహితుడు చెప్పకుండా స్కేలు వదలాలి. మీరు వెంటనే పట్టుకోవాలి. వేళ్లు ఏ గీత దగ్గర పట్టాయో చూడండి. 10 సెంటీమీటర్లైతే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 15 అయితే 0.17, 20 అయితే 0.20, 25 అయితే 0.23. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రంతో మీరే లెక్కగట్టి సరిచూసుకోవచ్చు. పదిసార్లు చేసి సగటు రాసుకోండి.

తరువాత రెండో ప్రయోగం. ఈసారి స్నేహితుణ్ణి ఒకే లయలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, సరిగ్గా మూడు దగ్గర వదలమనండి. మళ్లీ పదిసార్లు చేసి సగటు తీయండి. రెండు సగటులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ కన్నూ, నాడులూ, వేళ్లూ మొదటి ప్రయోగంలో ఉన్నవే గదా. మరి రెండోసారి స్కేలు అంత త్వరగా ఎలా దొరికింది?